బోణీ చెయ్యి

సోమవారిగూడెం, మర్రిగూడ మండలం
18 జూన్ 2023

శ్రీరామమూర్తి సార్‌కు గోపయ్య నమస్కారం.

మృగశిర వచ్చి పది రోజులైనా ఇక్కడ చినుకు లేదు. పొద్దున పదింటికే నేల కాలుతోంది. దున్నిన చేను దున్నినట్టే ఉంది. పత్తి గింజలు సంచుల్లోనే ఉన్నాయి. బోరు గంటన్నర పోసి ఆగిపోతుంది కాబట్టి బత్తాయి పాదులకు వంతులు పెట్టి నీళ్ళు కడుతున్నాం. మంగళవారం కాయ తెంపి, మా అబ్బాయి మహిపాల్‌తో కలిసి లారీలో బాటసింగారం మార్కెట్‌కు వెళ్ళి వచ్చాను. ఎండకు కాయ మెత్తబడింది.

మీ కార్డు అందింది. ఎల్బీనగర్ బ్రాంచి మూశారని రాశారు. రెండుసార్లు చదివాను. వనస్థలిపురం, నాగోల్ బ్రాంచీలు మూసినప్పుడు ఇంత అనిపించలేదు. ఎల్బీనగర్‌కు మీరు మొదటి రోజు నుంచి మేనేజరు. పదిహేడేళ్ళు. పొద్దున మెయిన్ షాపులో మాతో ఉండి, తిన్నాక అక్కడికి వెళ్ళేవాళ్ళు. ఇక శ్రీకర్ణిక స్టోర్స్ అంటే దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ షాపు ఒక్కటే అన్నమాట. ఎల్బీనగర్ బోర్డు దించారో ఉంచారో మీరు రాయలేదు.

చెవులు అట్లాగే ఉన్నాయి. మిషను పెడితే మాట కంటే మోత ఎక్కువ. ఫోను ఎత్తి, వినపడకుండానే ఊఁ అనడం నాకు ఇష్టం లేదు. కాగితమే నయం. ముప్పై మూడేళ్ళు మీరు రాసిచ్చిన చీటీలు చూసి గుడ్డ తాన్లు తీసినవాణ్ణి, మీ రాత నాకు అలవాటే.

అండాలమ్మ మోకాలు ఎట్లుందో రాయండి. ఇంకా ఆమే ఊడుస్తోందా?

గోపయ్య


దిల్‌సుఖ్‌నగర్
2 జూలై 2023

గోపయ్యకు,

బోర్డు దించారు. ఒక్కో అక్షరం మనిషంత ఉంది. ట్రాలీ ఆటోలో రెండు విడతలుగా తెచ్చి మెయిన్ షాపు నాలుగో అంతస్తులో గోడకు ఆనించాం. ఆ అంతస్తు మూసి రెండేళ్ళయింది. మూడో అంతస్తులో స్టీలు సామాను ఇంకా ఉంది. కిటికీ బయట మెట్రో పోయినప్పుడల్లా గ్లాసులు అల్మరాలో చప్పుడు చేస్తాయి. రెండో అంతస్తులో లైట్లు సగమే వేస్తున్నాం. కింద చీరలు, నువ్వు చూసినట్టే. దసరాకు షట్టరు సగం దించి జనాన్ని విడతలుగా వదిలిన షాపు ఇది. మొన్న ఆదివారం సాయంత్రం నేను లెక్కపెట్టాను, మనుషుల కంటే చీర కట్టిన బొమ్మలే ఎక్కువ.

అండాలమ్మ ఊడుస్తూనే ఉంది. మోకాలికి పట్టీ వేసుకుంటోంది. దవాఖానకు వెళ్ళమంటే, "పోతే ఆపరేషనంటరు సార్, నాకు పనుంది" అంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ప్రసన్నకుమార్ బాబు నన్ను గదిలోకి పిలిచాడు. కింది రెండు అంతస్తులూ కొత్తగా చేయించి నిజ శ్రావణం మొదటి శుక్రవారం, ఆగస్టు 18న, మళ్ళీ తెరుస్తాడట. ఇది నిలబడితే షాపు ఉంటుంది, లేకపోతే లేదు అని సూటిగానే చెప్పాడు. ఎల్బీనగర్ నుంచి వచ్చినవాళ్ళతో కలిపి ముప్పై ఎనిమిది మందిమి ఉన్నాం.

"మూర్తి గారూ, నాన్నగారు ఏ బ్రాంచి తెరిచినా గోపయ్య చేతే మొదటి గుడ్డ చింపించారు కదండీ. ఈసారి మాత్రం మనం ఎందుకు మానాలి?" అన్నాడు.

తలుపు దగ్గర తుడుస్తున్న అండాలమ్మ చెవి ఇటే ఉంది. "గోపన్న పోయినంకనే గీ షాపుకు కన్ను తగిలింది బాబూ. ఆయన చెయ్యి జర పడాలె," అంది.

చీరల కౌంటరులో పిల్లలు కూడా ఇదే అంటున్నారు. నీ తర్వాత చేరినవాళ్ళు, నిన్ను చూడనివాళ్ళు కూడా. పెద్దాయన విశ్వేశ్వరరావు గారు ఉన్నన్నాళ్ళు, నువ్వు మొదటి గుడ్డకు గాటు పెట్టి చేత్తో చింపేదాకా షాపులో ఎవరూ కత్తెర ముట్టేవాళ్ళు కాదని నేనే వాళ్ళకు చెప్పాను. ఏ రోజూ పది నిమిషాలు దాటకుండా బోణీ అయ్యేదని కూడా చెప్పాను.

ఒక్క రోజు వచ్చిపో. మహిపాల్ తోడు వస్తే ఇంకా మంచిది.

శ్రీరామమూర్తి


సోమవారిగూడెం
15 జూలై 2023

శ్రీరామమూర్తి సార్‌కు,

వాన పడింది. పత్తి పెట్టాం. ఒక చెలకలో మొలక సరిగా రాక మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. కలుపుకు మనుషులు దొరకడం లేదు. నేనూ మా ఇంటామె తెల్లవారే చేనుకు వెళ్తున్నాం.

ఆగస్టులో నాకు వీలుపడదు. ప్రసన్నకుమార్ బాబుకు నా నమస్కారం చెప్పండి. కత్తెర ఎవరు పట్టినా గుడ్డ తెగుతుంది.

బోర్డు అక్షరాలను గోడకు ఆనించి పెడితే రేకు వంగుతుంది. పడుకోబెట్టండి.

గోపయ్య


దిల్‌సుఖ్‌నగర్
24 జూలై 2023

గోపయ్యకు,

నువ్వు జూన్‌లో బాటసింగారం దాకా వచ్చావు. అక్కడి నుంచి ఇక్కడికి ఎంత దూరం? రాలేదు. ఇప్పుడు కలుపు అంటున్నావు. నీ కలుపు సంగతి నాకు తెలియదు కానీ, ముప్పై మూడేళ్ళలో నువ్వు ఒక్క ముహూర్తం తప్పలేదు. 98లో వనస్థలిపురం బ్రాంచి తెరిచిన నాడు నూటరెండు జ్వరంతో వచ్చావు.

ఇది నా కోసం కాదు. నాకు అరవై ఆరు. ఇవాళ పొమ్మన్నా పోతాను. బిల్లింగులో అమల ఉంది, నువ్వు ఉండగానే చేరింది. భర్త మంచాన ఉన్నాడు. మౌనికకు ఇదే మొదటి ఉద్యోగం. ఈ వయసులో అండాలమ్మకు చీపురు ఎవరిస్తారు? వీళ్ళందరూ నీ చెయ్యి పడితే చాలనుకుంటున్నారు. నమ్మకమే కావచ్చు. నమ్మకంతో పనిచేసేవాడికీ, అది లేకుండా పనిచేసేవాడికీ తేడా నువ్వు చూడలేదా?

అండాలమ్మ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "గోపన్నకు ఇప్పుడు బత్తాయి తోటుంది. పెద్ద రైతాయె. మనం యాదికుంటమా?"

కోపంగా రాస్తే క్షమించు.

శ్రీరామమూర్తి


సోమవారిగూడెం
4 ఆగస్టు 2023

సార్‌కు,

నాలుగు రోజులు ఆగకుండా కురిసి చేలల్లో నీళ్ళు నిలిచాయి. కాలువలు తీస్తున్నాం.

నేను రాను. అండాలమ్మతో చింపించండి. 84లో షాపు తెరిచిన నాటి నుంచి ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

ఎల్బీనగర్ బ్రాంచి తెరిచిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత నాగోల్‌లో కూడా చింపాను. అది మీరు అడిగారని. ఇక అడగవద్దు.

గోపయ్య


దిల్‌సుఖ్‌నగర్
10 ఆగస్టు 2023

గోపయ్య గారికి,

మీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. ఎల్బీనగర్ రోజు అని మీరు రాసింది మీ అమ్మగారు పోయిన రోజు గురించేనని అర్థమైంది. అంతవరకే అన్నారో, ఇంకేమైనా అన్నారో తెలియలేదు. తెలియకపోయినా ఇక నేను చెప్పాలి. ఈ ఉత్తరంలో మిమ్మల్ని నువ్వు అనలేను.

2006 మే 11, గురువారం. ఎల్బీనగర్ ముహూర్తం పదీ నలభైకి. నేను ఏడున్నరకే ఈ షాపు తెరిచి పూజ సామాను సర్దుతున్నాను. ఎనిమిదికి ఫోను మోగింది. మీ ఊరి ఎస్టీడీ బూతు నుంచి చక్రపాణి.

"గోపయ్య తల్లి పోయిందని చెప్పుండ్రి సార్. చిన్న కొడుకు గద, తల్లికి తలకొరివి ఆయనే పెట్టాలె. జల్ది పంపుండ్రి," అన్నాడు. పంపిస్తానన్నాను.

వెంటనే చీరల కౌంటరుకు వెళ్ళి ముత్తైదువకు తగిన చీర ఒకటి తీశాను. ఆకుపచ్చ నారాయణపేట. అది పొట్లం కట్టించి వ్యాన్‌లో పెట్టుకున్నాను. అప్పటికి మిమ్మల్ని పంపించే ఉద్దేశమే నాది. ఎల్బీనగర్ చేరేసరికి పందిరి, మేళం, పెద్దాయన చుట్టాలు. మీరు తొమ్మిదింటికి కొత్త తెల్ల చొక్కాలో వచ్చి, "ఏంది సార్, గింత మంది ఉన్నరు," అని నవ్వారు. నేను చెప్పలేదు. నా చేత్తో మీకు బొట్టు పెట్టాను. పదీ నలభైకి మీరు ఎర్ర రవిక గుడ్డకు గాటు పెట్టి చింపారు. ఫొటో తీశారు. భోజనాల ముందు, పన్నెండింటికి, మిమ్మల్ని పక్కకు పిలిచి ఇప్పుడే ఫోను వచ్చిందని చెప్పి పొట్లం చేతిలో పెట్టాను. మీరు నా చెయ్యి పట్టుకున్నారు.

పెద్దాయనకు చెప్పలేదు. చెబితే ముహూర్తం సంగతి చూసుకోకుండా మిమ్మల్ని తన కారులో పంపేవారు. అది నాకు తెలుసు. ఆ బ్రాంచి మేనేజరు పని నాకని ముందే అన్నారు. ఆ రోజు ఏదీ తప్పిపోకూడదని నాకు ఉండింది. ఇంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

తల్లి పోయిన మైలలో ఉన్న మనిషి చేత శుభం చేయించాను. అట్లా మొదలైన దుకాణం నిలవదని మా ఇంట్లో అందరూ నమ్ముతారు. నేనూ నమ్ముతాను. ఎల్బీనగర్ నష్టాల్లో మునిగి ముందు మిగిలిన బ్రాంచీలను లాగింది, తర్వాత తనూ పోయింది. పిల్లలు మీ చెయ్యి లేకపోవడం వల్ల అంటుంటే పక్కన నిలబడి వింటున్నాను. దోషం మీ చేతిది కాదు. మీకు తెలియదు. తెలిసి చేయించింది నేను.

18న మిమ్మల్ని రమ్మని అడగను.

శ్రీరామమూర్తి


దిల్‌సుఖ్‌నగర్
3 సెప్టెంబరు 2023

గోపయ్య గారికి,

జవాబు రాలేదు. రావాలని అడగను.

18న షాపు తెరిచాం. మొదటి గుడ్డ ప్రసన్నకుమార్ భార్య విజయదుర్గ గారు కత్తిరించారు. అండాలమ్మను పిలిచాను, వెనక్కి జరిగింది. "నాది చీపురు చెయ్యి సార్," అంది. వరలక్ష్మీ వ్రతం దాకా జనం వచ్చారు. ఈ వారం తగ్గారు. కొత్త అద్దాలు బాగున్నాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి తల దువ్వుకుంటున్నారు.

బోర్డు అక్షరాలు పడుకోబెట్టించాను.

శ్రీరామమూర్తి


సోమవారిగూడెం
5 నవంబరు 2023

మూర్తి సార్‌కు,

పత్తి మొదటి తీత అయింది. ఆగస్టంతా వాన మొహం చూపలేదు, కాయ చిన్నది. కూలీలు లేక నేను, మహిపాల్, కోడలు జ్యోతిక కలిసి ఏరాం. నా వేళ్ళు పగిలి ఉన్నాయి, రాత వంకరగా ఉంటే అందుకని.

మీ ఉత్తరాలు రెండూ అందాయి. పని వల్ల రాయకపోవడం కాదు. కూర్చుంటే మొదటి మాట రాలేదు. ముందు ఒకటి. నన్ను మీరు అని రాయకండి.

మీరు రాసింది నాకు తెలుసు. ఆ రోజే తెలిసింది. బస్సు ఇబ్రహీంపట్నం దాటాక పొట్లం విప్పాను. అమ్మకు ఏం రంగు పెట్టారో చూద్దామని. మడతలో బిల్లు ఉంది, మీ పేరు మీద. అప్పటి బిల్లులు రిబ్బను మిషను మీద కొట్టేవాళ్ళు, తేదీ పక్కన సమయం వచ్చేది. ఎనిమిదీ పన్నెండు. నా వాచీలో ఒకటీ ఇరవై. మిషను గడియారం తప్పు కావచ్చు అనుకున్నాను. పన్నెండో రోజు అయ్యాక మెయిన్ షాపుకు వచ్చి, ముందుగా మిషను గడియారమే చూశాను. సరిగానే ఉంది.

ఊరు చేరేసరికి మూడూ నలభై. మూడింటికి మా అన్న కొరివి పెట్టాడు. ఎండకు అంతకంటే ఆపలేకపోయారు. "ఒంటిగంట దాక చూసినం. రెండు దాక చూసినం. అమ్మ కన్న నీకు దుకాణమే ఎక్కువాయె," అన్నాడు. ఇప్పటికీ చుట్టాల ముందు నన్ను దుకాణపోడు అంటాడు. ఫోను ఆలస్యంగా వచ్చిందని చెప్పాను. చక్రపాణి పక్కనే ఉన్నాడు. నన్ను చూసి పక్కకు వెళ్ళిపోయాడు.

మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరు అబద్ధమైనా చెప్పాలి, నిజమైనా చెప్పాలి. ఏది చెప్పినా మర్నాడు మీ పక్కన నిలబడి తాను విప్పడం నా వల్ల కాదనిపించింది. నాకు అప్పుడు ఇద్దరు పిల్లలు చదువుతున్నారు. పని కావాలి. కోపం లేదని కాదు. ఒక ఏడాది మీ టిఫిను డబ్బాలోది ముట్టలేదు. మీరు గమనించారో లేదో.

చీర అమ్మ మీద కప్పలేదు. పెట్టెలో ఉంది. జరీ చీర ఒకే మడతలో ఉంటే మడత దగ్గర చీలుతుంది, మీరే నేర్పారు. ఏటా వైశాఖంలో విప్పి, గాలికి ఆరవేసి, మడతలు మార్చి పెడుతున్నాను. బిల్లు కూడా అందులోనే ఉంది.

ఇక చెయ్యి సంగతి. నేను దాచింది కూడా ఒకటి ఉంది. నా చేతిలో ఏమీ లేదు. దేవరకొండ మొదటి బస్సు ఎనిమిదీ నలభైకి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేది. పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళు దాంట్లోనే వచ్చేవాళ్ళు. షట్టరు తీసేదాకా మన మెట్ల మీద కూర్చునేవాళ్ళు. లోపల పెద్ద షాపు, అద్దాలు, మీ కోస్తా మాట. వాళ్ళకు బెదురు. నేను "ఏ ఊరు పెద్దనాయినా?" అంటే చాలు, "ఈడ మనోడు ఉన్నడు," అని నా ముందుకే వచ్చేవాళ్ళు. బోణీ పది నిమిషాల్లో ఎందుకు కాదు? పెద్దాయన దాన్ని చెయ్యి అన్నారు. నేను కాదనలేదు. ముప్పై మూడేళ్ళూ కాదనలేదు. అట్లా అంటే నాకూ బాగుండేది.

ఇప్పుడు ఆ బస్సు జనం ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కుతున్నారు. మీ మూడో అంతస్తు కిటికీ పక్క నుంచే పోతున్నారు, దిగడం లేదు. ఎల్బీనగర్ షాపు మొదటి ఏడేళ్ళు ఎంత బాగా నడిచిందో మీకే తెలుసు. రోడ్డు పనులకని షాపు ముందు రేకులు నిలబెట్టిన ఏళ్ళలో జనం అటు రావడం మానారు. మా జ్యోతిక కూడా చీర ఫోనులో చూసి తెప్పించుకుంటోంది. మైలకు దీంట్లో పని లేదు. మీరు చేసింది నాకు చేశారు, దుకాణానికి కాదు. దుకాణం సంగతి మీ మీద వేసుకోకండి.

శ్రావణంలో రాకపోవడానికి అమ్మ కారణం కాదని అనను. కానీ పెద్ద కారణం అది కాదు. నేను వచ్చి చింపి, జనం రాకపోతే, ఆ ముప్పై ఎనిమిది మంది నా చేతి వైపు చూస్తారు. వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర బస్సు తప్ప ఏమీ లేదు.

గోపయ్య


దిల్‌సుఖ్‌నగర్
21 జనవరి 2024

గోపయ్యకు,

నీ ఉత్తరం చదివి చాలాసార్లు జవాబు మొదలుపెట్టాను. టిఫిను డబ్బా సంగతి గమనించాను. మా ఆవిడ శేషారత్నం కూడా గమనించింది. "గోపయ్య గారు ఈ మధ్య పులిహోర ముట్టడం లేదేమండీ, ఉప్పు ఎక్కువైందా?" అని అడిగింది. ఎండలకు కడుపు బాగోలేదని చెప్పాను.

మీ అన్నగారికి నిజం నేను చెబుతాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను. ఉత్తరంలో రాసేది కాదు.

షాపు మూస్తున్నారు. నిన్న ప్రసన్నకుమార్ అందరినీ కింది అంతస్తులో నిలబెట్టి చెప్పాడు. మార్చి 31, ఆదివారం ఆఖరు. కొన్నవాళ్ళు దీన్ని పడగొట్టి ఏదో కడతారట.  అండాలమ్మ, "గాజు తలుపులు కొత్తయి గద బాబూ, అయ్యి కూడా పడగొడ్తరా?" అంది. అతను అందరినీ పంపేశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "గోపయ్య రాకపోవడం వల్లనేనంటారా?" అని అడిగాడు. బస్సు సంగతి చెప్పాను. చాలాసేపు విన్నాడు. "నాన్నగారికి తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను.

శ్రీరామమూర్తి


సోమవారిగూడెం
10 మార్చి 2024

మూర్తన్నకు,

ఎండ ముదిరింది. బోరు గంట కూడా పోయడం లేదు. ఇరవై బత్తాయి చెట్లు వదిలేశాం. మిగిలిన వాటికి డ్రమ్ములతో నీళ్ళు మోస్తున్నాం.

మా అన్నకు నేనే చెప్పాను. శివరాత్రి మర్నాడు ఆయన ఇంటికి పోయి బిల్లు చూపించాను. అద్దాలు పెట్టుకుని చూశాడు. "ఇన్నొద్దులు చెప్పకపోతివేందిరా?" అన్నాడు.  అన్నం పెట్టించాడు. మీరు రావాల్సిన పని లేదు. ఊరికే రావాలనుకుంటే రండి.

చీర జ్యోతికకు ఇచ్చాను. మా ఇంటామె వద్దంది. "చావుకు తెచ్చింది ఇంటి కోడలు కట్టుకుంటదా?" అంది. చావు మీద కప్పలేదు కదా అన్నాను. ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు. ఉగాదికి కట్టుకుంటానని జ్యోతిక తీసుకుపోయింది. ఈ వైశాఖంలో మడతలు మార్చే పని లేదు.

31న నేను రాను. మీరు పిలవకముందే చెబుతున్నాను. మూసే రోజు చూడటానికి వచ్చేవాళ్ళలో ఉండాలని లేదు. కానీ తెలియాలని ఉంది. ఆ రోజు ఎవరు ఎప్పుడు వెళ్ళిపోయారో రాయండి. సమయంతో రాయండి. ఈసారి వెంటనే పంపండి.

గోపయ్య


ఎల్బీనగర్
1 ఏప్రిల్ 2024, ఉదయం 6:50

గోపయ్యకు,

పోస్టులో వేస్తే నాలుగు రోజులు పడుతుంది. మర్రిగూడ పోయే మొదటి బస్సు కండక్టరు చేతికి ఇస్తున్నాను. మహిపాల్‌కు ఫోను చేశాను, మీ ఊరి బస్సు స్టేజి దగ్గర తీసుకుంటానన్నాడు. పది లోపు నీకు అందాలి.

నిన్న తొమ్మిదింటికి తెరిచాం. తొమ్మిదీ ఇరవైకి దేవరకొండ దగ్గరి మల్లేపల్లి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మెట్రోలో కాదు, బస్సులోనే. "గోపయ్య లేడా?" అన్నాడు. లేడు, ఊళ్ళో ఉన్నాడని చెప్పాను. "మంచిగున్నడా?" అన్నాడు. బాగున్నాడన్నాను. రెండు తువ్వాళ్ళు తీసుకున్నాడు. అదే బోణీ. తాను మీద నుంచి నేనే చింపాను. గాటు కాస్త వంకర పోయింది.

మధ్యాహ్నం రెండింటికి అమ్మకం ఆపేశాం. అల్మరాలు ఖాళీ చేసే మనుషులు వచ్చారు. బొమ్మలకు కట్టిన చీరలు విప్పి మడిచాం. మౌనిక మూడూ పదికి వెళ్ళింది, తమ్ముడు బండి మీద వచ్చాడు. అమల మూడూ నలభైకి, నాగోల్ వైపు ఆటోలో. ఇవాళ అక్కడ మందుల షాపులో చేరుతుంది. కౌంటరు వాళ్ళు ఇరవై ఆరు మంది కలిసి ఫొటో దిగి నాలుగూ పదిహేనుకు వెళ్ళారు. వాచ్‌మన్ నాగార్జున, ఎలక్ట్రీషియన్, లిఫ్టు అబ్బాయి నాలుగున్నరకు. మిగిలిన అయిదుగురు సామాను లారీతో పాటు అయిదింటికి. బోర్డు అక్షరాలు కూడా అదే లారీలో పోయాయి.

ప్రసన్నకుమార్ అయిదూ ఇరవైకి. తాళాలు నా చేతికి ఇచ్చాడు, పొద్దున వచ్చి తీసుకుంటానన్నాడు.

అండాలమ్మ నాలుగు అంతస్తులూ ఊడ్చింది. ఎందుకన్నాను. "ఊడ్వకుండ ఎట్ల పోత సార్," అంది. ఆరూ పదికి వెళ్ళింది.

నేను ఆరూ ఇరవైకి.

శ్రీరామమూర్తి